తుపాకి చేసిన పని కెమెరాతో

పైడికంటిని మీరు చూసే ఉంటారు. పాత మామిడిచెట్టు తొర్రలోనో, పాడుబడిన గోడ కన్నంలోనో కాపురం ఉండి, సందె చీకటి పడగానే కిచకిచమని అరుస్తూ బయటికి వచ్చే చిన్న గుడ్లగూబ అది. నెత్తి మీద, వీపు మీద తెల్లని చుక్కలు చల్లినట్టు ఉంటాయి. పల్లెల్లోనే కాక పట్నాల్లోనూ కనిపిస్తుంది. దీనికి అడవిలో ఒక దాయాది ఉంది. చూడటానికి ఇంచుమించు ఇలాగే ఉంటుంది కాని, నెత్తి మీద చుక్కలు లేనట్టే ఉంటాయి. ఇంగ్లీషులో దీన్ని ఫారెస్ట్ ఔలెట్ అంటారు. మనం అడవి పైడికంటి అని పిలుచుకుందాం. శాస్త్రలోకానికి 113 ఏళ్లు కనిపించకుండా పోయి మళ్లీ దొరికిన పక్షి ఇది.

విశాఖపట్నం నుంచి రాయ్‌పూర్‌కు రైల్లో వెళితే రాయగడ, టిట్లాగఢ్ దాటాక ఖరియార్ రోడ్, మహాసముంద్ స్టేషన్లు వస్తాయి. ఈ పక్షి కథ మొదలైంది ఆ ప్రాంతపు అడవుల్లోనే. ఉష్ణమండలపు అడవుల్లో పక్షులను ఫోటో తీయడం ఎందుకు, ఎలా అనే ప్రశ్నలకు ఈ కథలో మంచి జవాబులున్నాయి.

ఏడు చర్మాలు

1872లో ఎఫ్. ఆర్. బ్లూయిట్ అనే ఆయన బస్నా-ఫుల్‌ఝర్ దగ్గర ఒక చిన్న గుడ్లగూబను కాల్చాడు. ఆ చోటు ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్ జిల్లాలో ఉంది. 1998 వరకు అది రాయ్‌పూర్ జిల్లాలో భాగం. ఆ పక్షిని పరీక్షించి, ఇది కొత్త జాతి అని 1873లో ప్రకటించినవాడు అలన్ ఆక్టేవియన్ హ్యూమ్. భారత జాతీయ కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకడిగా మీ చరిత్ర పుస్తకంలో కనిపించే హ్యూమ్ ఈయనే. ఆ కాలపు భారతదేశంలో ఆయనను మించిన పక్షిశాస్త్రవేత్త లేడు. దొరికించినవాడి పేరు మీదుగా పక్షికి హెటెరోగ్లాక్స్ బ్లూయిట్టీ అని పేరు పెట్టాడు.

1877లో వాలెంటైన్ బాల్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు ఖరియార్ ప్రాంతంలో మరొకటి దొరికింది. 1880ల తొలి సంవత్సరాల్లో జేమ్స్ డేవిడ్‌సన్ అనే అధికారి ఇప్పటి మహారాష్ట్రలోని ఖాందేశ్‌లో మరికొన్నిటిని సేకరించాడు. 1884 తర్వాత ఆ పక్షి జాడ లేదు. ప్రపంచంలోని మ్యూజియాలన్నిటిలో కలిపి మిగిలినవి ఏడు చర్మాలు మాత్రమే.

'చర్మాలు' అంటే ఏమిటి? అప్పట్లో పక్షిని గుర్తించాలంటే దాన్ని చంపడమే మార్గం. కాల్చిన పక్షి పొట్ట కోసి మాంసం తీసేసి, పురుగు పట్టకుండా చర్మానికి లోపల పాషాణం కలిపిన మందు పూసి, దూది కూరి కుట్టేవారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో ఒక చీటీ మీద రాసి కాలికి కట్టేవారు. ఇలాంటి చర్మాలు హ్యూమ్ దగ్గర వేలకు వేలు ఉండేవి. క్రూరంగా అనిపించినా, మన పక్షుల గురించి మొదటి నమ్మకమైన జ్ఞానం వాటి నుంచే వచ్చింది. నోటిమాటను ఎవరైనా కాదనవచ్చు. చర్మం ఎదురుగా ఉంటే వందేళ్ల తర్వాత వచ్చినవారు కూడా మళ్లీ పరిశీలించుకోవచ్చు.

ఒక దొంగ చీటీ

ఆ ఏడు చర్మాల్లో ఒకదాని కథ విచిత్రమైనది. బ్రిటిష్ సైనికాధికారి, పేరుమోసిన పక్షిశాస్త్రవేత్త రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ సేకరణలో ఒక అడవి పైడికంటి ఉండేది. 1914లో గుజరాత్‌లోని మాండ్వీ దగ్గర దాన్ని తానే సేకరించినట్టు చీటీ చెప్పేది. అంటే 1884 తర్వాత మరో 30 ఏళ్ల వరకూ పక్షి బతికే ఉందని, అదీ గుజరాత్‌లో ఉందని అందరూ అనుకున్నారు.

అది అబద్ధం. అమెరికన్ పక్షిశాస్త్రవేత్త పమేలా రాస్‌ముస్సెన్, బ్రిటిష్ శాస్త్రవేత్త నైజెల్ కాలర్ 1999లో ఆ సంగతి బయటపెట్టారు. ఎక్స్-రేలు తీసి, చర్మాన్ని తయారుచేసిన తీరు పరిశీలిస్తే అది డేవిడ్‌సన్ చేతి పని అని తేలింది. 1880లలో డేవిడ్‌సన్ సేకరించిన పక్షిని మైనర్ట్‌జాగెన్ మ్యూజియం నుంచి దొంగిలించి, కొత్త చీటీ కట్టాడన్నమాట. పక్షి నిజమైనదే. చీటీ దొంగది. ఆ ఒక్క చీటీ దశాబ్దాల పాటు శాస్త్రాన్ని తప్పుదారి పట్టించింది. ఈ విషయం గుర్తుంచుకోండి. ఫోటోల దగ్గర మళ్లీ ప్రస్తావనకు వస్తుంది.

1997లో రాస్‌ముస్సెన్, బెన్ కింగ్, డేవిడ్ అబట్ కలిసి ఈ పక్షిని వెతకడానికి భారతదేశం వచ్చారు. రావడానికి ముందు రాస్‌ముస్సెన్ మ్యూజియం చర్మాలను క్షుణ్ణంగా పరిశీలించి, పైడికంటికీ దీనికీ తేడాలేమిటో పట్టిక వేసుకుంది. నవంబర్ 25న మహారాష్ట్రలోని షహాదా దగ్గర, సాత్పూరా పర్వతాల పాదాల వద్ద, పట్టపగలు ఒక ఆకులు లేని చెట్టు మీద ఆ పక్షి కూర్చుని కనిపించింది. వాళ్లు చేసిన పని ఏమిటి? తుపాకి ఎత్తలేదు. ఫోటోలు తీశారు, వీడియో తీశారు. 1872లో చనిపోయిన పక్షి ఇచ్చిన సాక్ష్యాన్ని 1997లో బతికున్న పక్షి ఇచ్చింది. అది ఎగిరిపోయి తన పని తాను చూసుకుంది.

ఆ తర్వాత మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్‌లలో మరికొన్ని చోట్ల ఈ పక్షి దొరికింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2018లో దీన్ని తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితా నుంచి ఒక మెట్టు దించి, అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది.

ఏ ఫోటో సాక్ష్యం అవుతుంది?

మధ్యలో ఆ 113 ఏళ్లలో 'ఇదే అడవి పైడికంటి' అని కొన్ని ఫోటోలు వచ్చాయి. జాగ్రత్తగా చూస్తే అవి మామూలు పైడికంటివని తేలింది. ఇందులో ఒక మంచి పాఠం ఉంది. తప్పు చెప్పిన ఫోటో కూడా తన తప్పును తానే దిద్దుకోగలదు. ఎందుకంటే రెండోవాళ్లు దాన్ని మళ్లీ చూడగలరు. 'నేను చూశాను' అన్న మాటకు ఆ సౌకర్యం లేదు.

కాబట్టి పక్షి ఫోటోలో మొదట చూడవలసింది అందం కాదు, గుర్తింపు లక్షణాలు. అడవి పైడికంటి 23 సెంటీమీటర్ల పక్షి. నెత్తి, వీపు దాదాపు చుక్కల్లేకుండా ఉంటాయి. రొమ్ము ముదురు గోధుమ రంగు, పొట్ట కింది భాగం తెలుపు. రెక్కల మీద, తోక మీద వెడల్పైన పట్టీలుంటాయి. తల, ముక్కు, గోళ్లు ఒంటికి మించి పెద్దవిగా కనిపిస్తాయి. పగలే వేటాడుతుంది. ఇవన్నీ ఒకే ఫోటోలో రావు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, వీలైతే వెనక నుంచి ఒకటి తీయాలి. కంటి మీద ఫోకస్ సరిగ్గా ఉండాలి. కన్ను స్పష్టంగా ఉంటే తల మీది ఈకలు కూడా స్పష్టంగా వస్తాయి.

దూరం లెక్క

పక్షి ఫోటోగ్రఫీలో మొదటి కష్టం దూరం. దీనికి ఒక చిన్న లెక్క ఉంది. పక్షి పొడవును లెన్స్ నాభ్యంతరంతో గుణించి, పక్షి ఉన్న దూరంతో భాగిస్తే కెమెరా లోపల ఏర్పడే ప్రతిబింబం పొడవు వస్తుంది.

23 సెంటీమీటర్ల అడవి పైడికంటి 20 మీటర్ల దూరంలో ఉందనుకోండి. మీ లెన్స్ నాభ్యంతరం 400 మిల్లీమీటర్లు. ప్రతిబింబం 4.6 మిల్లీమీటర్లు వస్తుంది. పాత 35 ఎం.ఎం. ఫిల్ములోనైనా, అదే సైజున్న ఇప్పటి సెన్సర్‌లోనైనా చిత్రం ఎత్తు 24 మిల్లీమీటర్లు. అంటే చిత్రంలో పక్షికి దక్కేది ఐదో వంతు కూడా కాదు. దూరం 10 మీటర్లకు తగ్గితే ప్రతిబింబం రెట్టింపవుతుంది.

ఇప్పుడు నెత్తి మీది చుక్క సంగతి చూద్దాం. మామూలు పైడికంటి నెత్తి మీద చుక్క 2 మిల్లీమీటర్లనుకుందాం. అదే లెన్స్, అదే 20 మీటర్ల దూరమైతే దాని ప్రతిబింబం 0.04 మిల్లీమీటర్లు. 24 మిల్లీమీటర్ల ఎత్తులో 4000 పిక్సెళ్లున్న సెన్సర్ మీద అది ఆరేడు పిక్సెళ్లలో పడుతుంది. కంటికి చుక్కగానే కనిపిస్తుంది. మరి అదే ఫోటో మామూలు మొబైల్ ఫోన్‌తో తీస్తే? ఫోన్ ప్రధాన కెమెరా లెన్స్ నాభ్యంతరం 5, 6 మిల్లీమీటర్లే ఉంటుంది. అప్పుడు చుక్క ప్రతిబింబం ఒక్క పిక్సెల్ కన్నా చిన్నదై కలిసిపోతుంది. చుక్కలున్న పక్షి, చుక్కల్లేని పక్షి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పిక్సెళ్లు ఎన్ని కోట్లున్నాయన్నది దుకాణాల్లో గొప్పగా చెబుతారు గాని, దూరపు పక్షికి ముందు కావలసింది నాభ్యంతరం. పొడవాటి లెన్స్ అందుబాటులో లేకపోతే బైనాక్యులర్ వెనక ఫోన్ కెమెరా ఆనించి తీసినా మామూలు ఫోటో కంటే ఎంతో మేలు.

పొడవాటి లెన్స్ పక్షితో పాటు మీ చేతి వణుకును కూడా పెద్దది చేస్తుంది. దీనికి ఫోటోగ్రాఫర్లు పాటించే మోటు లెక్క ఒకటుంది. నాభ్యంతరం 400 మిల్లీమీటర్లయితే షట్టర్ సెకనులో 400వ వంతు కన్నా ఎక్కువసేపు తెరిచి ఉండకూడదు. అంతకన్నా ఎక్కువసేపు కావాలంటే ముక్కాలి స్టాండు మీదనో, ఇసుకో బియ్యమో నింపిన సంచి మీదనో కెమెరా పెట్టాలి.

మన ఎండ వేరు

పక్షి ఫోటోగ్రఫీ పుస్తకాలు చాలావరకు శీతల దేశాల్లో పుట్టాయి. అక్కడి వెలుగు వేరు, మన వెలుగు వేరు. రాయ్‌పూర్ 21¼ డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కర్కటరేఖకు దక్షిణాన ఉంది. అంటే అది ఉష్ణమండలంలోనిదే. ఏడాదిలో రెండుసార్లు, మే చివరి వారంలో ఒకసారి, జూలై మధ్యలో మరోసారి, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. డిసెంబర్ చివరలో కూడా మధ్యాహ్నం 45 డిగ్రీల ఎత్తులో ఉంటాడు.

నడినెత్తి ఎండలో పక్షి వీపు తళతళలాడుతుంది, పొట్ట చీకటవుతుంది. అడవి పైడికంటి విషయంలో రొమ్ము, పొట్ట రంగులే ముఖ్యమైన గుర్తులు. అవే కనిపించకుండా పోతాయి. పొద్దున, సాయంత్రం సూర్యుడు తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు వెలుగు పక్క నుంచి పడి పొట్టను కూడా చూపిస్తుంది. కిరణాలు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించి వస్తాయి కాబట్టి నీలం రంగు చెదిరిపోయి వెచ్చని పసుపు మిగులుతుంది.

అయితే మన దగ్గర ఆ మంచి వేళ త్వరగా అయిపోతుంది. మార్చి, సెప్టెంబర్ నెలల్లో పగలు, రాత్రి సమానంగా ఉండే రోజున లండన్‌లో సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకు రావడానికి మూడున్నర గంటలు పడుతుంది. రాయ్‌పూర్‌లో రెండుగంటల పది నిమిషాలు చాలు. ఉష్ణమండలంలో సూర్యుడు ఏటవాలుగా కాక దాదాపు నిట్టనిలువుగా ఎక్కడమే కారణం. అందుకే తెల్లవారకముందే చోటుకు చేరి ఉండాలి. పక్షులు కూడా ఆ వేళకే చురుకుగా ఉంటాయి. ఎండ ముదిరాక అవీ నీడకు పోతాయి. పైగా వేడెక్కిన నేల మీది గాలి అలలు అలలుగా కదులుతుంటే దూరపు పక్షి నీటిలో ఉన్నట్టు వణుకుతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా దాన్ని సరిచేయలేదు.

అడవి లోపల కష్టం దీనికి తారుమారు. ఆరుబయట ఎండలో ఐ.ఎస్.ఓ. 100 మీద, 5.6 ద్వారంతో సెకనులో 800వ వంతు చాలుతుంది. సాల చెట్ల దట్టమైన నీడలో వెలుగు అందులో 32వ వంతుకు పడిపోతే సెకనులో 25వ వంతు కావాలి. అంతసేపట్లో పక్షి తల తిప్పేస్తుంది. ఐ.ఎస్.ఓ. 1600కు పెంచితే సెకనులో 400వ వంతు దొరుకుతుంది. ఫిల్ము రోజుల్లో ఇలా పెంచితే చిత్రం ఇసుక చల్లినట్టు వచ్చేది. ఇప్పటి సెన్సర్లు దీన్ని సులువుగా తట్టుకుంటాయి.

ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ప్రకృతే ఒక సాయం చేస్తుంది. టేకు, మోదుగ, బూరుగ చెట్లు శీతాకాలం చివర ఆకులు రాలుస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు లేని మోదుగ కొమ్మ నిండా ఎర్రని పూలుంటే గోరువంకలు, తేనెపిట్టలు, పసులపోలిగాళ్లు తేనె కోసం మూగుతాయి. పక్షి వెనక మనం పరుగెత్తనక్కర్లేదు. పూసిన చెట్టుకు దూరంగా, సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకుని కూర్చుంటే అవే వస్తాయి.

తెల్లకొంగ, పసులపోలిగాడు

కెమెరాలోని వెలుగుమీటరుకు ఒక అమాయకత్వం ఉంది. లోకమంతా సగటున మధ్యరకం బూడిద రంగులో ఉంటుందని అది అనుకుంటుంది. చిత్రం నిండా తెల్లకొంగ ఉంటే 'వెలుగు ఎక్కువైంది' అనుకుని తగ్గించేస్తుంది. కొంగ బూడిదరంగుకు తిరుగుతుంది. నల్లని పసులపోలిగాడు ఉంటే పెంచేసి దాన్ని కూడా బూడిదరంగు చేస్తుంది. కాబట్టి తెల్లని పక్షికి మీరే ఒక మెట్టు పెంచాలి, నల్లని పక్షికి ఒక మెట్టు తగ్గించాలి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ముదురు నీడ ముందు చిన్నగా తెల్లకొంగ ఉంటే మీటరు నీడను చూసి వెలుగు పెంచుతుంది. కొంగ ఈకలు సున్నం పూసినట్టు తెల్లబారి వివరాలన్నీ పోతాయి. అప్పుడు తగ్గించాలి. చిత్రంలో ఏది ఎక్కువ చోటు ఆక్రమించిందో చూసి నిర్ణయించుకోవాలి.

మాటు వేయడం

ప్రతి పక్షికీ ఒక భయ పరిధి ఉంటుంది. మీరు ఆ గీత దాటేవరకు అది తన పని తాను చేసుకుంటుంది. దాటబోతున్నప్పుడు మేత ఆపి, మెడ సాచి, మీ వైపు చూస్తుంది. ఒళ్లు బిగబడుతుంది, ఈకలు ఒంటికి అంటుకుంటాయి. ఇంకో అడుగు వేస్తే ఎగిరిపోతుంది. నేర్చుకోవలసిన అసలు విద్య ఆ చూపును గుర్తించి అక్కడే ఆగిపోవడం. ఆగి కొంతసేపు కదలకుండా కూర్చుంటే పక్షి మళ్లీ మేతకు దిగుతుంది.

వేటగాళ్లు మాటు వేసినట్టే ఫోటోగ్రాఫర్లూ మాటు వేస్తారు. ఇంగ్లండులో కియర్టన్ సోదరులు 1900 ప్రాంతంలో కర్రల చట్రానికి ఎద్దు తోలు తొడిగి, లోపల దూరి పక్షులను ఫోటో తీశారు. పశువును చూసి పక్షి బెదరదని వాళ్ల ఉపాయం. నీటి ఒడ్డున ఆకుపచ్చ గుడ్డతో చిన్న డేరా చాలు. ఒక్కరోజులో తెచ్చి దగ్గర పెట్టకూడదు. దూరంగా పెట్టి, రోజుకు కొంచెం చొప్పున ముందుకు జరపాలి. ఇద్దరు కలిసి వెళ్లి, ఒకరు లోపల ఉండిపోయి, రెండోవారు కనిపించేలా తిరిగి వచ్చేస్తే చాలా పక్షులు మనిషి వెళ్లిపోయాడనే అనుకుంటాయి. రోడ్డు మీద ఆపిన కారు కూడా మంచి మాటే. తలుపు తెరవకుండా కిటికీలోంచి తీస్తే సరి.

మన దేశంలో ఇలా ఓపికగా పనిచేసినవారిలో సింగపూర్‌కు చెందిన లోక్ వాన్ థో ఒకరు. సినిమా వ్యాపారంలో ఉన్న ఆయన సలీం అలీతో కలిసి భారతదేశంలో యాత్రలు చేసి పక్షులను ఫోటో తీశాడు.

గూడు జోలికి వద్దు

గూడు దగ్గర పక్షి తప్పకుండా వస్తుంది కాబట్టి ఫోటో సులువు. సరిగ్గా అందుకే అది ప్రమాదకరం. శీతల దేశాల్లో తల్లి లేచిపోతే గుడ్లు చల్లబడతాయి. మన వేసవిలో దీనికి వ్యతిరేకం. రాయ్‌పూర్‌లో మే నెల పగలు 40 డిగ్రీలు దాటడం మామూలు. ఎండలో నేల 50 డిగ్రీల పైకి పోతుంది. గుడ్డులో పిండం 37, 38 డిగ్రీల దగ్గర పెరుగుతుంది. అంతకు నాలుగైదు డిగ్రీలు మించి కొంతసేపు ఉంటే చచ్చిపోతుంది. అందుకే నేల మీద గుడ్లు పెట్టే తీతువు పిట్ట ఎండవేళ గుడ్లకు నీడగా నిలబడుతుంది. నీటికి పోయి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మంచి కోణం కోసం మీరు 15 నిమిషాలు అక్కడ నిలబడ్డారనుకోండి. పక్షి తల మీద తిరుగుతూ అరుస్తుంది, గుడ్లు ఎండలో ఉడుకుతాయి. ఫోటో బాగానే వస్తుంది. పిల్లలు రావు.

అడ్డుగా ఉన్నాయని గూడు ముందు ఆకులు, కొమ్మలు తుంచడం కూడా అంతే చేటు. ఆ ఆకులే గూటికి నీడ, కాకికి అడ్డు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించి ఇబ్బంది పెట్టడం 'వేట' అనే నిర్వచనంలోకే వస్తుంది. కెమెరా పట్టుకున్నంత మాత్రాన వేటగాడు కాకుండా పోడని ఆ చట్టం చెబుతున్నది. రక్షిత పక్షి అయితే శిక్ష కూడా ఉంటుంది. అభయారణ్యంలో ఫోటోలు తీయడానికి అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

గుడ్లగూబల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. క్షుద్రపూజల పేరుతో మన దేశంలో వాటిని పట్టి అమ్మేవారున్నారు. గుడ్లగూబ తొర్ర ఎక్కడుందో తెలిసేలా ఫోటో అందరికీ పంచితే వాళ్లకు దారి చూపినట్టే.

మనిషి లేని కెమెరా

కొన్ని పక్షులకు మాటు కూడా పనిచేయదు. మన కడప జిల్లా కలివికోడి అలాంటిది. 1848లో జెర్డన్ గుర్తించిన ఈ పక్షి 1900 తర్వాత కనిపించలేదు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ స్థానికుల సాయంతో రెడ్డిపల్లె దగ్గర దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చాడు. అది రాత్రిపూట ముళ్లపొదల మధ్య తిరుగుతుంది, మనిషి అలికిడికి దాక్కుంటుంది. 2000 తర్వాత పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టి పరిచి అడుగుజాడలు చూశారు. ఆ దారుల్లో ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. పక్షి ఒంటి వేడిని, కదలికను పసిగట్టే పరికరం కెమెరాను దానంతటదే నొక్కుతుంది. మనిషి ఊళ్లో నిద్రపోతుంటే పక్షి తన ఫోటో తానే తీసుకుంటుందన్నమాట. పక్షికి అతి తక్కువ ఇబ్బంది కలిగించే పద్ధతుల్లో ఇదొకటి.

వానాకాలం శత్రువు

ఉష్ణమండలంలో లెన్సుకు పెద్ద శత్రువు బూజు. గాలిలో తేమ ఎక్కువగా ఉండి చాలారోజులు చీకట్లో మూసి ఉంచితే అద్దం మీద సాలెగూడులా బూజు పాకుతుంది. అది విడుదల చేసే ఆమ్లాలు అద్దం మీది పూతను తినేస్తాయి. అప్పుడు తుడిచినా మచ్చ పోదు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో లెన్సు దాచాలి. రంగు మారే రకం సిలికా జెల్ అయితే తేమ పీల్చుకున్నాక రంగు మారి చెబుతుంది. వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. ఏసీ గదిలోంచి కెమెరాను హఠాత్తుగా బయటికి తెస్తే చల్లని అద్దం మీద ఆవిరి నీరుగా మారి పడుతుంది. సంచిలోనే ఉంచి అరగంట ఆగితే ఆ బాధ ఉండదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

రాయ్‌పూర్ నగరంలోని బూఢా తలాబ్, నవా రాయ్‌పూర్‌లోని సెంధ్ చెరువు మొదటి పాఠాలకు చాలు. నీటికాకులు, కొంగలు, లకుముకి పిట్టలు మనుషులకు కొంత అలవాటు పడి ఉంటాయి. పక్కనున్న బేమెతరా జిల్లాలోని గిధ్వా, పర్సదా చెరువులకు శీతాకాలంలో వలస బాతులు వస్తాయి. 2021లో అక్కడ పక్షుల ఉత్సవం కూడా జరిగింది. అడవి పక్షులకు రాయ్‌పూర్ నుంచి సుమారు 100 కిలోమీటర్లలో బార్‌నవాపారా అభయారణ్యం ఉంది. బార్, నవాపారా అనే రెండు ఊళ్ల పేర్లు కలిసి ఏర్పడిన పేరు అది. 1976లో ఏర్పాటైంది. రాష్ట్ర పక్షి అయిన కొండ గోరువంకను చూడాలంటే మాత్రం దక్షిణాన బస్తర్‌కు, కాంగేర్ లోయకు వెళ్లాలి. మీరు ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉంటే ఊరి చెరువే మీ పాఠశాల.

చీటీ రాయండి

మైనర్ట్‌జాగెన్ దొంగ చీటీ గుర్తుందా? ఫోటోకు కూడా చీటీ ఉండాలి. ఏ రోజు, ఏ వేళ, ఏ ఊరి దగ్గర, ఎలాంటి చెట్టు మీద, పక్షి ఏం చేస్తోంది అన్నది అదే రోజు నోటు పుస్తకంలో రాసుకోండి. డిజిటల్ కెమెరా తేదీని, సమయాన్ని ఫోటోలోనే దాస్తుంది కాని, గడియారం తప్పుంటే ఆ తేదీ కూడా తప్పే. బయల్దేరేముందు సరిచూసుకోండి. గుర్తింపు మీద అనుమానముంటే 'అనుమానం' అని రాయండి. తెలియని పక్షికి తెలిసినట్టు పేరు పెట్టడం కన్నా అది వెయ్యి రెట్లు మేలు. బోనులో పక్షిని అడవి పక్షిగా, ఒక ఊరి పక్షిని మరో ఊరి పక్షిగా చూపడం దొంగ చీటీ కట్టడమే.

ఇలా చీటీతో ఉన్న మామూలు ఫోటోలు కూడా విలువైనవి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో మన దేశ విద్యార్థులూ పాల్గొంటున్నారు. మీరు చూసిన పక్షుల జాబితాను, ఫోటోలను ఈబర్డ్‌లో చేర్చవచ్చు. అనుమానమున్న వాటిని నిపుణులు పరిశీలిస్తారు. ఒక ఊరి పక్షులు పదేళ్లలో పెరిగాయో తరిగాయో తెలిసేది ఇలాంటి లెక్కల వల్లే.

అడవి పైడికంటి మొదట దొరికింది రాయ్‌పూర్‌కు తూర్పున, బస్నా వైపు అడవుల్లో. తిరిగి దొరికింది మాత్రం వందల కిలోమీటర్ల పశ్చిమాన. రేపు ఆ తూర్పు అడవుల్లో పట్టపగలు టేకు కొమ్మ మీద ఒక చిన్న గుడ్లగూబ కనిపిస్తే, దాని నెత్తి మీద చుక్కలున్నాయో లేవో చూడండి. దూరం నుంచే, రెండు మూడు పక్కల నుంచి ఫోటో తీయండి. చీటీ రాయండి. గూడు ఉన్న చోటు ఊరంతా చాటకుండా అటవీశాఖకు, పక్షిశాస్త్రవేత్తలకు మాత్రం చెప్పండి. అది మామూలు పైడికంటే అయినా నష్టం లేదు. మీరు వెళ్లిపోయాక కూడా అది అదే కొమ్మ మీద కూర్చుని ఉంటే మీ పని బాగా జరిగినట్టే.